రేడార్ చిత్రంలో చంద్రుడి బిలాన్ని ఎలా చదవాలి?

[తెరపై: ఒకే ధ్రువ బిలం. ఎడమన కెమెరా ఫొటో, కుడిన రేడార్ చిత్రం]

ఎడమన ఉన్న ఫొటోలో బిలం అడుగంతా చీకటే. అక్కడ ఎప్పుడూ ఎండ పడదు. కుడిన అదే అడుగు రాళ్లతో సహా కనిపిస్తోంది. రేడార్‌కి సూర్యుడితో పనిలేదు, తన తరంగాలు తనే పంపుకుంటుంది.

2019 జులై 22న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-2 ఆర్బిటర్‌లో ఇలాంటి రేడారే ఉంది. అది రెండు రకాల తరంగాలు పంపుతుంది: ఎల్-బ్యాండ్ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు, ఎస్-బ్యాండ్‌ది 12. పొడి చంద్రధూళిలో తరంగం తన పొడవుకు సుమారు పదింతల లోతు దిగుతుంది. అందుకే ఎస్-బ్యాండ్‌కు అందని లోతులో పూడిన బండలు ఎల్-బ్యాండ్‌లో బయటపడతాయి. ఇల్మనైట్ అనే ఇనుము, టైటానియం ఖనిజం ఎక్కువగా ఉన్న నేలలో మాత్రం ఈ లోతు బాగా తగ్గిపోతుంది.

[తెరపై: బిలం అడ్డుకోత. ఎడమ పైనుంచి ఏటవాలుగా కిరణం]

రేడార్ నిట్టనిలువుగా కాక పక్కకు చూస్తుంది. ఎడమ నుంచి చూస్తోందనుకుందాం. దగ్గరి గోడ వాలు రేడార్‌కి పెడముఖంగా ఉంటుంది కాబట్టి మసకగా, సాగినట్టు వస్తుంది. అవతలి గోడ ఎదురుగా ఉంటుంది కాబట్టి తెల్లగా, ఇరుకుగా వస్తుంది. చూపు ఎటునుంచో తెలియకపోతే గుంట కాస్తా గుట్టలా కనిపిస్తుంది. ముందు అది చూసుకోండి.

అసలు చిక్కు లేఓవర్. కిరణం నిట్టనిలువు గీత నుంచి 26 డిగ్రీల కోణంలో పడుతోంది, కొత్త బిలం గోడ వాలు 30 డిగ్రీలుంది. అప్పుడు అవతలి గోడ పాదం కంటే పై అంచే రేడార్‌కి దగ్గరవుతుంది. అంచు నుంచి సిగ్నల్ ముందే తిరిగొస్తుంది, చిత్రంలో ఆ అంచు వచ్చి బిలం అడుగు మీద పడుతుంది. అక్కడి పిక్సెళ్లలో వేర్వేరు చోట్ల సిగ్నళ్లు కలిసిపోయి ఉంటాయి. వాటిని లెక్కలోంచి తీసేయాల్సిందే. నాసా చంద్ర ఉపగ్రహం ఎల్ఆర్‌ఓలోని మినీ-ఆర్ఎఫ్ రేడార్ కోణం 49 డిగ్రీల దాకా ఉండటంతో దానికి ఈ బెడద తక్కువ.

[తెరపై: కుడికి మెలితిరిగే తరంగం నేలను తాకి, ఎడమ మెలికతో వెనక్కి]

ఇప్పుడు సీపీఆర్ (సర్క్యులర్ పోలరైజేషన్ రేషియో), మంచు జాడ వెతకడానికి వాడే కొలత. వృత్తాకార పోలరైజేషన్‌తో పంపిన తరంగం నున్నటి నేలను ఒక్కసారి తాకితే దాని మెలిక తిరగబడుతుంది. నేలకూ బండకూ రెండుసార్లు తగిలితే మళ్లీ మొదటి మెలికే వస్తుంది. పంపిన మెలికతోనే వచ్చిన శక్తిని, తిరగబడి వచ్చిన శక్తితో భాగిస్తే సీపీఆర్ వస్తుంది. పిక్సెల్ పిక్సెల్‌కీ భాగిస్తే స్పెకిల్ అనే చుక్కల రొద అసలు విలువను మింగేస్తుంది. ముందు 5×5 పిక్సెళ్ల శక్తిని సగటు చేసి, ఆ తర్వాతే భాగించండి.

సీపీఆర్ 1 దాటగానే మంచు దొరికిందని ప్రకటించేయకండి! మందపాటి స్వచ్ఛమైన మంచు ఆ విలువ ఇస్తుంది, బండల గుట్టా ఇస్తుంది. పెడముఖంగా ఉన్న గోడ మీద కిరణం మరింత ఏటవాలుగా పడుతుంది, మంచు లేకపోయినా అక్కడ సీపీఆర్ పెరుగుతుంది.

చంద్రయాన్-1లోని మినీ-సార్ రేడార్ ఉత్తర ధ్రువం దగ్గర 40కి పైగా చిన్న బిలాలను గుర్తించింది. వాటి లోపల సీపీఆర్ ఎక్కువ, అంచు బయట తక్కువ. కొత్త బిలమైతే బండలు బయటా పరుచుకుని ఉంటాయి కాబట్టి రెండు చోట్లా ఎక్కువ ఉండాలి. ఈ తేడాను బట్టి 2010లో అది మంచేనన్నారు. అయితే ఎండ కాసే, మంచు నిలవని ప్రాంతాల్లోనూ ఇలాంటి బిలాలే తర్వాత దొరికాయి. ఎందుకంటే బయటి బండలు కాలక్రమంలో అరిగి పొడైపోతాయి. లోపలి నిటారు గోడల నుంచి మాత్రం కొత్త రాళ్లు జారుతూనే ఉంటాయి.

[తెరపై: సీపీఆర్ మ్యాప్ మీద వాలు మ్యాప్, దానిపై ఉష్ణోగ్రత మ్యాప్]

అందుకే సీపీఆర్ మ్యాప్‌ను వాలు మ్యాప్‌తోనూ, ఎల్ఆర్‌ఓ డివైనర్ అనే పరికరం కొలిచిన ఉష్ణోగ్రతలతోనూ పోల్చాలి. ఆ చోట గరిష్ఠ ఉష్ణోగ్రత 110 కెల్విన్లు, అంటే మైనస్ 163 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే పైన మంచు ఎక్కువ కాలం నిలవదు. అక్కడ మెరుస్తున్నవి రాళ్లేనని లెక్క.