హ్యాండ్ బ్రేకు దారి వేరు

డ్రైవరన్నలకు, మెకానిక్ తమ్ముళ్లకు నమస్కారం.

కాలి బ్రేకు తొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిలును నెడుతుంది, ఆ ఒత్తిడి చక్రాలకు చేరుతుంది. పైపు పగిలినా, సీలు అరిగినా ఒత్తిడి పోతుంది. కాలు తీస్తే ఎలాగూ పోతుంది. రాత్రంతా బండిని పట్టి ఉంచడం ఆయిలు వల్ల అయ్యే పని కాదు. హ్యాండ్ బ్రేకు మాత్రం ఇనుప కేబులుతో వెనక చక్రాల డ్రమ్ముల్లో ఒరుసుకునే బ్రేకు ముక్కలను, అంటే షూలను లాగి, లివరు పళ్ల మీద ఆగిపోతుంది. ఆయిలు అక్కర్లేదు, ఇంజన్ అక్కర్లేదు. ఒకటి చెడినా రెండోది మిగలాలి. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 96వది ఈ రెండూ వేర్వేరుగా ఉండాలంటుంది.

గేర్లో పెట్టాం కదా, చాలదా అంటారు. గేరు ఆపేది ఇంజన్ కంప్రెషన్‌తో. పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి మెల్లగా జారుతుంది, ఏటవాలులో బండి కొంచెం కొంచెంగా కదులుతుంది. ఆటోమేటిక్ బండిని 'పి'లో పట్టేది గేర్‌బాక్సులోని చిన్న కొక్కెం. కాలి బ్రేకు మీద ఉండగానే న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు వదిలి, బరువు దాని మీద పడ్డాకే 'పి'లోకి మార్చండి.

ఇక సర్దుబాటు. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. చాలా కార్లలో లివరు 4 నుంచి 7 టిక్కుల్లో గట్టిపడాలి. మీ బండి లెక్క మాన్యువల్లో ఉంటుంది. పదీ పన్నెండూ అయితే చాలామంది కేబులు నట్టు బిగించేస్తారు. అది తప్పు. ముందు డ్రమ్ము విప్పి షూలు సర్దాలి, ఆ తర్వాతే కేబులు. లేకపోతే షూలు పూర్తిగా వెనక్కి రావు, డ్రమ్మును రాసుకుంటూనే ఉంటాయి. చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంది. కేబులు తొడుగు పగిలితే నీళ్లు దిగి తుప్పు పడుతుంది. లాగితే పడుతుంది, వదిలితే రాదు. వాడకుండా వదిలేసిన హ్యాండ్ బ్రేకే ఇలా త్వరగా బిగుసుకుంటుంది.

ఎయిర్ బ్రేకు లారీలో లెక్క తిరగబడుతుంది. పార్కింగ్ బ్రేకు వేసేది బలమైన స్ప్రింగు, దాన్ని వదిలించేది గాలి. ఆ స్ప్రింగు ఉండే డబ్బా, అంటే చాంబర్ చెడితే బోల్టు తిప్పి స్ప్రింగును కట్టేసి షెడ్డుదాకా తెస్తారు. ఆ చక్రానికి అప్పుడు పార్కింగ్ బ్రేకు లేదు. ఆ బండిని ఏటవాలులో నిలపకండి. తప్పదంటే చక్రం కింద రాయి పెట్టండి, కదిలేటప్పుడు ఆ రాయి తీసేయండి. వెనక బైకు మీద వచ్చేవాడు చీకట్లో దాన్ని చూడలేడు.

పరీక్ష సులువు. ముందూ వెనకా ఎవరూ లేని ఏటవాలులో ఇంజన్ ఆన్‌లో, న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు పెడలు పైనే సిద్ధంగా ఉంచి కాలి బ్రేకును మెల్లగా వదలండి. బండి ముక్కు పైకి ఒకసారి, కిందికి ఒకసారి. బెత్తెడు జరిగినా షెడ్డుకు తీసుకెళ్లండి.