కరోనా బ్యాచ్ పిల్లలు, ముంపు చేలు

(తెరపై: వాన వెలిసాక నీళ్ళు నిలిచిన వరిచేను. పక్కన గుర్రపుడెక్కతో నిండిపోయిన మురుగు కోడు.)

నమస్తే అండి. "వీళ్ళు కరోనా బ్యాచ్ అండి. పరీక్షలు రాయకుండా పాసైపోయారు, ఫోన్లు పట్టుకుని పాడైపోయారు." ఈ మాట పెళ్ళి భోజనాల దగ్గర వింటున్నాను, టీ కొట్ల దగ్గర వింటున్నాను, పాఠాలు చెప్పేవాళ్ళ నోట కూడా వింటున్నాను. విన్న ప్రతిసారీ కోపం వస్తోంది. ఈ వీడియో ఆ కోపంతోనే చేస్తున్నాను.

ముందు పరీక్షల సంగతి తేల్చేద్దాం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చిలో జరగాల్సిన పదో తరగతి పరీక్షలు వాయిదా పడ్డాయి. జులైలో పెడతామన్నారు. జూన్‌లో రద్దు చేశారు. 2021లో పదో తరగతితో పాటు ఇంటర్ పరీక్షలు కూడా రద్దయ్యాయి. ఇందులో పిల్లలు చేసిన తప్పేముంది? పుస్తకం మూస్తే భయం, తెరిస్తే "అసలు పరీక్ష ఉంటుందా" అన్న అనుమానం. నెలల తరబడి అలా గడిపినవాళ్ళకి మనం చివర్లో ఇచ్చిన బహుమతి ఆ ఎగతాళి మాట. చాలా అన్యాయం అండి అది.

ఇక ఫోన్. ఫోన్ వల్ల నష్టం లేదని నేను అనను. కానీ మొత్తం నేరం ఫోన్ మీద వేసేస్తే అసలు ఏం జరిగిందో మనకి ఎప్పటికీ కనపడదు. అది కనపడాలంటే కాసేపు మన చేలల్లోకి వెళ్ళాలి.

మన గోదావరి డెల్టా వాళ్ళకి కాలువ గురించి నేను చెప్పేదేమీ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, అది కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు మనకి తక్కువ. కానీ చేనుకి కావాల్సినవి రెండు కాలువలు. నీళ్ళు తెచ్చేది ఒకటి, నీళ్ళు తీసుకుపోయేది ఇంకొకటి. తెచ్చేదాని గురించి అందరం మాట్లాడతాం. తీసుకుపోయే మురుగు కోడు పూడుకుపోయేదాకా ఎవరికీ గుర్తురాదు. ఆనకట్ట కట్టిన వందేళ్ళ తర్వాత కూడా ఆ బాధ తీరక, 1968లో డెల్టా రైతుల దగ్గర డ్రెయిన్ల కోసమే విడిగా సెస్సు వసూలు చెయ్యడానికి చట్టం తెచ్చారు. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, చేను పోయిందంటే మన దగ్గర ఎక్కువసార్లు కారణం నీరు రాకపోవడం కాదు, వచ్చిన నీరు పోకపోవడం. యనమదుర్రు డ్రెయిన్ పక్కన చేలున్న రైతుని అడగండి, నాకంటే బాగా చెబుతారు.

బడి కూడా అంతే. పాఠం అనే నీరు వచ్చే కాలువ అందులో ఉంది. దానితో పాటు పిల్లల మనసులో రోజూ చేరే భయం, కోపం, అవమానం, ఇంటి గొడవలు బయటికి పోయే కోడు కూడా అక్కడే ఉంది. మనం ఏనాడూ దానికో పేరు పెట్టలేదు. పొద్దున ఇంట్లో నాన్న తిట్టిన పిల్లాడు కాలువ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ స్నేహితుడికి చెప్పుకుంటాడు. ఇంటర్వెల్‌లో ఒకడితో కొట్లాడతాడు, మధ్యాహ్నం భోజనంలో వాడి పక్కనే కూర్చుంటాడు. లెక్క తప్పు చేస్తే పక్కబెంచీ వాడు కూడా తప్పే చేశాడని చూసి ఊపిరి పీల్చుకుంటాడు. ముఖం వాడిపోయి ఉంటే ఏ టీచరమ్మో "ఏమ్మా, ఏమైంది?" అంటుంది. ఇవన్నీ టైంటేబుల్లో ఉండవు. సాయంత్రానికి మాత్రం లోపల చేరిన నీరు చాలావరకు పోతుంది.

2020 మార్చిలో బడి మూసేశాక మనం హడావుడిగా వెనక్కి తెచ్చుకున్నది మొదటి కాలువ ఒక్కటే. జూమ్ క్లాసులు, వాట్సాప్ గ్రూపుల్లో హోంవర్కు, దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు. ఎంతో మంది టీచర్లు కష్టపడ్డారు, అలవాటు లేని కెమెరా ముందు నిలబడి నేర్చుకుని మరీ చెప్పారు. వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ రెండో కాలువ ఏమైందని ఎవరూ అడగలేదు.

మొదటిదైనా అందరికీ అందిందా? కాలువ చివర ఉండే శివారు భూముల కథ మీకు తెలిసిందే. లాకుల దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో చదువుతాం, చివరి ఎకరం రైతు బోదెలో, అంటే చేలోకి నీరు తెచ్చే పిల్లకాలువలో, మాత్రం తడి కనపడదు. 2020 సెప్టెంబరులో పిల్లల చదువుల మీద సర్వేలు చేసే అసర్ సంస్థ దేశంలోని పల్లెల్లో ఫోన్ ద్వారా సర్వే చేసింది. బడిలో పేరున్న పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. 2018లో అది 36.5 శాతమే. రెండేళ్ళలో ఎంత పెరిగిందో చూడండి. అయినా ఆ సర్వేకి ముందు వారంలో బడి నుంచి పాఠ్యసామగ్రి ఏదైనా అందింది దాదాపు మూడోవంతు పిల్లలకే. ఇంట్లో ఫోన్ ఉందంటే పిల్ల చేతికి పాఠం అందిందని అర్థం కాదు. ఆ ఒక్క ఫోను నాన్నతో పాటు చేపల చెరువు గట్టు మీదకో, కొబ్బరి దింపుకో వెళ్ళిపోతుంది. ఇద్దరు పిల్లలుంటే ఎవరి క్లాసు ముఖ్యం? ఆ తగువులో ఆడపిల్ల వెనక్కి తగ్గిన ఇళ్ళు చాలా ఉన్నాయి, దాని గురించి ఇంకెప్పుడైనా విడిగా మాట్లాడాలి.

పైగా అదే 2020 ఆగస్టులో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, అంటే 17 లక్షల క్యూసెక్కులు దాటింది. పి.గన్నవరం, అయినవిల్లి, ముమ్మిడివరం వైపు లంకల్లో, అంటే గోదావరి మధ్య ఉండే ఊళ్ళలో, కరెంటు లేదు, ఛార్జింగ్ లేదు, ఇంట్లోకి నీళ్ళు. ఆ పిల్లలకి ఆ వారం ఆన్‌లైన్ క్లాసు అన్న మాటకి అర్థమే లేదు.

సరే, పాఠం అందిన పిల్లల దగ్గరికే వద్దాం. మంచి ఫోను, మంచి సిగ్నలు, విడిగా గది. వాళ్ళెందుకు కుంగిపోయారు?

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జెరెమీ బైలెన్సన్ అనే ప్రొఫెసర్ 2021లో వీడియో కాల్ అలసట మీద ఒక వ్యాసం రాశారు. ఆయన చెప్పిన కారణాలు నాలుగు. ఎదుటివాళ్ళ ముఖాలు మరీ దగ్గరగా, ఆపకుండా మనవైపే చూస్తున్నట్టు ఉండటం. మన ముఖం మనకే రోజంతా కనిపిస్తూ ఉండటం. కదలకుండా ఒకేచోట కూర్చోవడం. మామూలుగా చూపులతో, తల ఊపుతో అర్థమయ్యేదాన్ని బుర్ర పెట్టి పట్టుకోవాల్సి రావడం. ఆయన పెద్దవాళ్ళ మీటింగుల గురించి రాసినా, పదమూడేళ్ళ పిల్ల మీద పెట్టి చూడండి. ఆ వయసులో అద్దంలో మొటిమ చూసుకుంటేనే రోజు పాడవుతుంది. అలాంటిది నలభై మంది చూస్తున్నారన్న భయంతో రోజంతా తన ముఖాన్నే చూసుకుంటూ కూర్చోవాలి.

అందుకే కెమెరా ఆఫ్ చేసింది. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, నా దృష్టిలో ఈ వీడియోలో ఇదే ముఖ్యం. కెమెరా ఆఫ్ చెయ్యగానే ప్రాణం హాయిగా అనిపించింది. మనసు ఆ హాయిని గుర్తు పెట్టుకుంటుంది. రేపు మళ్ళీ ఆఫ్ చెయ్యమంటుంది. ఎల్లుండి మైకు కూడా వద్దంటుంది. తర్వాత క్లాసే వద్దంటుంది. భయపెట్టే దాన్నుంచి తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త పెరుగుతుంది, ఎందుకంటే "వెళ్తే ఏమీ కాలేదు" అని తెలుసుకునే అవకాశమే రాదు. ఆందోళన పెరిగే తీరే ఇది, మానసిక వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది కూడా ఇదే. బయట నుంచి చూసేవాళ్ళకి మాత్రం అది బద్ధకంలా కనిపిస్తుంది.

మళ్ళీ చేలోకి రండి. కోడు మూసుకుపోయి నీళ్ళు నిలిచాయి. మొదటి రోజుల్లో వరి పచ్చగానే ఉంటుంది. గట్టు మీద నుంచి చూసినవాళ్ళు బాగానే ఉందంటారు. కింద వేరుకి గాలి అందక కుళ్ళు మొదలైందని చేలోకి దిగి మొక్క పీకితేనే తెలుస్తుంది. "మావాడు బాగానే ఉన్నాడండి, గదిలో కూర్చుని క్లాసులు వింటున్నాడు" అని ఆ రోజుల్లో ఎంత మంది అన్నారో!

ఇది ఒక ఊరి కథ కాదు. 2021లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో, వేరు వేరు దేశాల్లో జరిగిన 29 అధ్యయనాలను కలిపి లెక్క వేశారు. మొత్తం 80,879 మంది పిల్లలు. డిప్రెషన్ లక్షణాలు బాగా కనిపించినవాళ్ళు 25.2 శాతం, ఆందోళన లక్షణాలు ఉన్నవాళ్ళు 20.5 శాతం. మహమ్మారికి ముందు అంచనాలతో పోలిస్తే ఇది సుమారు రెట్టింపు. ఇవన్నీ డాక్టరు ఖాయం చేసిన జబ్బులని కాదు, ప్రశ్నలకి పిల్లలు చెప్పిన జవాబుల్లో తేలిన లక్షణాలు. అయినా నలుగురిలో ఒకరు!

మన దగ్గర ఇంకో బరువు కూడా ఉంది. కోనసీమలో, నరసాపురం వైపు, అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఎంతో మంది. విమానాలు ఆగిపోయాయి. అమ్మ ముఖం కనిపించేదీ, క్లాసు వినేదీ, ఊళ్ళో ఎవరు పోయారో తెలిసేదీ ఒకే ఫోనులో. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ ఫోను మోగితే పిల్లలు ఉలిక్కిపడిన ఇళ్ళున్నాయి. తాతయ్య పోతే చివరి చూపు లేదు, పదిమంది వచ్చి ఏడ్చే పెద్దకర్మ లేదు. నలుగురి మధ్య ఏడిస్తే పోవాల్సిన దుఃఖం పిల్లల్లోనే ఉండిపోయింది. ఆ పక్క రోజు తొమ్మిదింటికి వాళ్ళకి సైన్సు క్లాసు.

"సరే, బడులు తెరిచారుగా?" అంటారు. తెరిచారు. 2020 నవంబరులో పెద్ద తరగతులతో మొదలుపెట్టారు, రెండో వేవ్‌లో మళ్ళీ మూశారు, 2021 ఆగస్టు 16న మళ్ళీ తెరిచారు. తెరిచిన వెంటనే మనం చేసింది ఏమిటి? వెనకబడిన సిలబస్ అంతా ఒక్కసారి వదిలాం. పూడిక తియ్యని చేలోకి రెట్టింపు నీళ్ళు. స్నేహం చెయ్యడం, తగువు తీర్చుకోవడం, నలుగురిలో నోరు విప్పడం రోజూ చేస్తేనే వచ్చే పనులు. ఏడాదిన్నర వాడకపోతే అవీ పూడుకుపోతాయి. 2020 మార్చిలో ఐదో తరగతిలో ఉన్న పిల్ల 2025లో పదో తరగతి పరీక్షలు రాసింది. ఆమె ఆరో తరగతి చాలావరకు ఒక మంచం మీద గడిచిపోయింది. ఆమె నలుగురిలో మాట్లాడటానికి జంకితే "ఫోన్ పిచ్చి" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు.

టైం తక్కువ ఉంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

కుంగిపోయిన పిల్లలు ఏడుస్తూ కనపడతారని అనుకోకండి. ఆ వయసులో దిగులు చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటికి వస్తుంది. బడికి వెళ్ళే టైముకే వచ్చే కడుపునొప్పి, తలనొప్పి అన్నీ నటన కాదు. ఇష్టమైన ఆట మానేయడం, రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోవడం, తిండి తగ్గడం లాంటివి రెండు వారాలు దాటి ఉంటే పట్టించుకోండి.

ఫోను లాక్కోవడంతో మొదలుపెట్టకండి. ముందు నిద్ర టైము సరిచెయ్యండి, లేచే టైము రోజూ ఒకటే ఉండేలా. ఫోను లాక్కుంటే మిగిలిన ఒక్క బోదె కూడా మూసినట్టే, ముందు ఇంకో దారి తెరవాలి. సాయంత్రం ఒక స్నేహితుడు, ఒక ఆట, ఒక చిన్న పని. భయపడే చోటికి ఒకేసారి తోసేయకుండా చిన్న చిన్న మెట్లుగా పంపండి, కానీ అసలు పంపడం మానకండి. "ఎన్ని మార్కులు?" కంటే ముందు "ఇవాళ ఎవరితో మాట్లాడావు?" అని అడగండి. టీచర్లూ, తరగతిలో అస్సలు నోరు మెదపని పిల్లల పేర్లు ఓ చీటీ మీద రాసుకోండి, వారానికి ఒక్కసారైనా వాళ్ళతో విడిగా రెండు మాటలు.

డాక్టరు దగ్గరికి వెళ్ళడం సిగ్గు అనుకోవద్దు. 2021లో యునిసెఫ్ చెప్పిన లెక్క ప్రకారం, మానసిక సమస్యలకి ఇతరుల సాయం తీసుకోవడం మంచిదన్న యువత 21 దేశాల్లో సగటున 83 శాతం, మన దేశంలో 41 శాతం. అడిగిన దేశాల్లో సగానికి తక్కువ వచ్చింది మన దగ్గరే. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం, అంటే మానసిక వైద్య విభాగం, ఉంది. ఇంటి నుంచి కదలలేకపోతే, మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే స్వయంగా చెయ్యొచ్చు.

చివరిది, దయచేసి దీన్ని దాటేయకండి. పిల్లలు "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట అంటే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. తిట్టకండి, ఒంటరిగా వదలకండి, అప్పుడే 14416కి ఫోన్ చెయ్యండి. మన ఇళ్ళలో వరికి, చెరువులకి తెచ్చిన మందు డబ్బాలు వసారాలో, మంచం కింద పడి ఉంటాయి. పురుగుమందు చేతికి అందకుండా చేస్తే ప్రాణాలు నిలుస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఈ వీడియో ఆపేసి ఆ డబ్బాలు తాళం ఉన్న చోట పెట్టండి, తాళంచెవి పెద్దవాళ్ళ దగ్గరే ఉంచండి.

(తెరపై: టెలీ మానస్ – 14416)