ఉబ్బసం అన్నారు, గడ్డ తేలింది: స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఆస్తమా అని రెండేళ్లు మందులు వాడిన హైదరాబాద్ గృహిణికి శ్వాసనాళంలో గడ్డ బయటపడింది. డాక్టర్ గారూ, ఇది నగర కాలుష్యం వల్లేనా?

పల్మనాలజిస్ట్: అలా చెప్పలేమండీ. నోట్లో లాలాజల గ్రంథుల్లాంటివే శ్వాసనాళం గోడలోనూ సన్నగా ఉంటాయి. ఎడినాయిడ్ సిస్టిక్, మ్యూకోఎపిడర్మాయిడ్ కార్సినోమాలనే కేన్సర్ గడ్డలు వాటిలో పుడతాయి. ఊపిరితిత్తుల కేన్సర్లలో ఇవి 1 శాతం కూడా ఉండవు. సిగరెట్‌తో కూడా పెద్దగా...

పేషెంట్ అన్న: శాతాలెందుకు సార్! మా చెల్లి కుర్చీలో దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. పిల్లికూతలంటే ఇన్‌హేలర్ మార్చారు, డోసు పెంచారు. ఒక్క సీటీ స్కాన్ రాయలేదు!

పల్మనాలజిస్ట్: ఎక్స్‌రేలో చాలాసార్లు ఇది కనపడదండీ...

అన్న: కనపడదని తెలిసీ ఎక్స్‌రేతో ఎందుకు ఆపారు?

యాంకర్: మరి ఈ ట్రాఫిక్ పొగ...

సర్జన్: ఒక్క నిమిషం. స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి చూసే శ్వాస పరీక్షలో గ్రాఫ్ మొన తేలి ఉండాలి. పైనా కిందా బల్లపరుపుగా వస్తే పెద్ద గొట్టంలోనే అడ్డం ఉందేమోనని చూడాలి. మందుకు లొంగకపోతే బ్రాంకోస్కోపీ, అంటే సన్నని కెమెరా గొట్టంతో శ్వాసనాళం లోపల చూడటం...

(అందరూ ఒకేసారి మాట్లాడారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికొచ్చే మాట అక్కడే ఆగిపోయింది.)

అన్న: మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందుకూ నిలబెట్టాం!

యాంకర్: చేప మందు! దాని మీద మీరేమంటారు?

పల్మనాలజిస్ట్: ఆ చర్చ వేరు. గడ్డకు దానితో...

అన్న: మేం ఎక్కడికి పోవాలి మరి?

యాంకర్: సర్జన్ గారూ, ఆపరేషన్?

సర్జన్: శ్వాసనాళం పొడవే సుమారు 11 సెంటీమీటర్లు. గడ్డ ఉన్న ముక్క కోసి రెండు కొసలూ కలిపి కుడతాం. ఎడినాయిడ్ సిస్టిక్ రకం నరాల వెంట పాకుతుంది. కంటికి బాగున్న అంచులోనూ కణాలు మిగలొచ్చు, అందుకే రేడియేషన్. 10 ఏళ్లు దాటాక కూడా తిరగబెట్టొచ్చు.

అన్న: అంటే పదేళ్లు టెన్షనే కదా! ఆస్తమా అన్న ప్రతి ఒక్కరికీ సీటీ తీయాలి!

పల్మనాలజిస్ట్: అందరికీ అక్కర్లేదండీ. మందు సరిగ్గా వాడినా తగ్గనివాళ్లకు, గాలి పీల్చేటప్పుడు గొంతు దగ్గర శబ్దం...

అన్న: అక్కర్లేదనే మా చెల్లికీ తీయలేదు!

యాంకర్: అన్నగారి ప్రశ్నలో న్యాయం ఉంది. టైమ్ అయిపోయింది. డాక్టర్ గారూ, ఒక్క ముక్కలో, కాలుష్యం...

పల్మనాలజిస్ట్: కాలుష్యం కాదండీ, నేను చెప్పేది...

అన్న: ఒక్క స్కాన్ సార్. ఒక్కటి!

(ముగింపు సంగీతం)