గిన్నె నిండా నీళ్లున్నా ఊసరవెల్లి ఎందుకు తాగదు?

[దృశ్యం: కొమ్మ మీద ఊసరవెల్లి. పక్కనే నీళ్ల గిన్నె.]

వాయిస్: ఈ ఊసరవెల్లికి దాహంగా ఉంది. కళ్లు ఎంత లోపలికి పోయాయో చూడండి. పక్కనే గిన్నె నిండా నీళ్లున్నాయి, కానీ అటు తిరిగి కూడా చూడదు. పొగరేం కాదు. కదలకుండా ఉన్న నీళ్లను చాలా ఊసరవెల్లి జాతులు అసలు గుర్తుపట్టవు. ఇప్పుడు గిన్నె తీసేసి, ముందున్న ఆకుల మీద కాసిని నీళ్లు చిలకరిద్దాం.

[క్లోజప్: ఆకు అంచున మెరుస్తున్న చుక్క.]

ముందు ఒక కన్ను చుక్క మీదికి తిరిగింది. కాసేపటికి రెండోదీ తిరిగింది. ఇక మెల్లగా ముందుకొచ్చి, మూతి ఆకుకు ఆనించి నాకడం మొదలుపెట్టింది. పురుగు మీదికి బాణంలా నాలుక విసిరే జంతువు, నీళ్ల దగ్గర మాత్రం తీరిగ్గా చప్పరిస్తుంది. ప్రతి చుక్కా మింగేదాకా మెడ కింది చర్మం ఆడుతూనే ఉంటుంది.

చెట్టు మీద బతికేదానికి చెరువుతో పనేముంది? తెల్లవారుజామున ఆకుల మీద పట్టిన మంచు, వానలో కొమ్మ వెంట జారే నీళ్లు, తన తల మీద పడి మూతి దాకా కారే చినుకులు... దానికి తెలిసిన నీళ్లు ఇవే.

బాగానే ఉంది. మరి వానే పడని చోట, ఆకులే లేని చోట ఏం చేస్తుంది?

[దృశ్యం: నమీబ్ ఎడారి. సముద్రం పక్కనే ఇసుక దిబ్బలు.]

ఆఫ్రికా నైరుతి తీరంలో ఉంది నమీబ్ ఎడారి. తీరం దగ్గర ఏడాది మొత్తానికి పడే వాన సగటున 20 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మన దగ్గర ఒక్క సాయంత్రం గట్టి వాన పడితే అంతకంటే ఎక్కువే కురుస్తుంది. అలాంటి చోట నమాక్వా ఊసరవెల్లి బతుకుతోంది. ఎక్కడానికి చెట్లు లేవు కాబట్టి నేల మీదే నడుస్తుంది, అవసరమైతే పరుగెడుతుంది కూడా.

అక్కడ నీళ్లు వానగా రావు, పొగమంచుగా వస్తాయి. బెంగ్వేలా అనే చల్లని సముద్ర ప్రవాహం తీరం వెంట పారుతుంది. దాని మీది గాలి చల్లబడి పొగమంచు కడుతుంది. రాత్రిళ్లు, తెల్లవారుజామున అది ఎడారి లోపలికి పాకుతుంది. రాళ్ల మీద, ఎండు మొక్కల మీద చుక్కలు కడుతుంది.

[క్లోజప్: దిబ్బ అంచున తలకిందులుగా నిలబడ్డ నల్ల పెంకు పురుగు.]

ఈ పురుగును కాస్త ఆగి చూడాలి. మంచు వచ్చిన రోజు దిబ్బ శిఖరం ఎక్కి, గాలి వచ్చే వైపు వీపు పెట్టి, తల కిందికి వంచి నిలబడుతుంది. వీపు మీద చేరిన తేమ చుక్కలై నేరుగా నోట్లోకి జారుతుంది. 1976లో అచ్చయిన పరిశోధన ప్రకారం, కొన్ని పురుగులు ఒక్క ఉదయంలోనే తమ బరువులో మూడో వంతు దాకా నీళ్లు పట్టించాయి.

నమాక్వా ఊసరవెల్లి తిండిలో ఎక్కువ భాగం ఇలాంటి నల్ల పెంకు పురుగుల జాతులే. అంటే అన్నంలోనే మజ్జిగ కలిసి వచ్చినట్టు, తిండితో పాటే నీళ్లూ అందుతాయి.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పురుగులతో పాటు ఉప్పు కూడా ఒంట్లోకి వెళ్తుంది. మన మూత్రపిండాలు ఉప్పును చిక్కటి మూత్రంలో కలిపి బయటికి పంపగలవు. సరీసృపాల మూత్రపిండాలకు ఆ శక్తి లేదు. రక్తం కంటే చిక్కటి మూత్రం తయారు చేయలేవు. అందుకే ఈ ఊసరవెల్లికి ముక్కు దగ్గర ఉప్పు గ్రంథులున్నాయి. ఎక్కువైన ఉప్పంతా అటు నుంచి పోతుంది.

[క్లోజప్: ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లటి పొర.]

ముక్కు చుట్టూ తెల్లగా పేరుకున్నది ఆ ఉప్పే. నత్రజని వ్యర్థాలనూ నీళ్లలో కలిపి పోయదు. యూరిక్ ఆమ్లంగా మార్చి, తెల్లటి ముద్దలా వదిలేస్తుంది. నీళ్లు బాగా తగ్గితే ఆ తెలుపు కాస్తా నారింజ రంగుకు తిరుగుతుంది. ఊసరవెల్లుల వైద్యులు గమనించే గుర్తుల్లో అదొకటి.

ఇక రంగుల సంగతి. ఊసరవెల్లి అనగానే మనకి పార్టీలు మారే నాయకులు గుర్తొస్తారు. ఇక్కడ మాత్రం రంగు వెనక ఉన్నది వేడి లెక్క, నీటి లెక్క. చలిగా ఉండే ఉదయం ఒళ్లంతా నల్లబరిచి ఎండను పీల్చుకుంటుంది. ఒక్కోసారి ఎండ తగిలే పక్క నలుపు, అవతలి పక్క లేత రంగు! మధ్యాహ్నానికి మొత్తం తెల్లబారుతుంది. ఒళ్లు మరీ వేడెక్కితే నోరు తెరిచి ఆయాసపడాలి, అలా తెరిచిన నోట్లోంచి తేమ పోతుంది. అంతదాకా రాకుండా చూసుకోవడమే దాని తెలివి. ఇంకా భరించలేకపోతే ఇసుకలో గొయ్యి తవ్వుకుని దూరుతుంది.

[దృశ్యం: నైరుతి మడగాస్కర్, ఎండిన ముళ్ల అడవి.]

కరువును తట్టుకునే మార్గాల్లో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం లాబోర్డ్ ఊసరవెల్లిది. 2008లో శాస్త్రవేత్తలు దీని జీవితచక్రాన్ని ప్రకటించారు. నవంబరులో వానలు మొదలవగానే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి గుడ్లు పగలగొట్టుకుని వస్తాయి. రెండు నెలల్లో పెద్దవైపోతాయి. జతకడతాయి, గుడ్లు పెడతాయి, వానాకాలం ముగిసేసరికి చచ్చిపోతాయి. మొత్తం నాలుగైదు నెలల బతుకు. గుడ్డులో గడిపేది ఎనిమిది, తొమ్మిది నెలలు! వానల్లేని నెలల్లో ఆ అడవంతా గాలించినా వాటిలో పెద్దది ఒక్కటీ దొరకదు. కాస్త ఉత్తరాన, వానలు ఇంకొంచెం ఎక్కువ రోజులు ఉండే కిరిండీ అడవిలో కొన్ని ఆడవి మరికొన్ని నెలలు బతికినట్టు ఆ తర్వాత తేలింది.

[దృశ్యం: వేప కొమ్మ మీద మన ఊసరవెల్లి.]

మన ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఉండేది వేరే జాతి. ‘తొండ ముదిరితే ఊసరవెల్లి’ అనే సామెత ఉన్నా, రెండూ వేర్వేరు జంతువులు. వేళ్లు రెండు గుత్తులుగా విడిపోయి కొమ్మను పటకారులా పట్టుకుని, తోక చుట్టి ఉంటే అది ఊసరవెల్లి. మండువేసవిలో మీ పెరట్లో నీరసంగా కనిపిస్తే నోరు బలవంతంగా తెరిచి నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. చెట్టు నీడన, దాని ముందున్న ఆకుల మీద సన్నగా నీళ్లు చల్లి పక్కకి జరగండి, చాలు. ముద్దొచ్చింది కదా అని పెంచుకోవాలనుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.