పసితనంలో జ్వరం, గుండెలో ఉబ్బు

చెన్నైలోని తెలుగు శ్రోతలకు నమస్కారం.

గుండెపోటు అనగానే రక్తనాళం పూడుకుపోవడమే గుర్తొస్తుంది. నాళం ఉబ్బినా గుండెపోటు రావచ్చంటే చాలామంది ఆశ్చర్యపోతారు. గుండె కండరానికి రక్తం అందించే కరొనరీ ధమని గోడ ఒకచోట బలహీనపడి, పక్క భాగం కన్నా ఒకటిన్నర రెట్లు మించి వెడల్పయితే దాన్ని అన్యూరిజం అంటాం. పగిలిపోతుందేమోనని భయపడతారు గానీ, అది అరుదు. మన బకింగ్‌హాం కాలువలో నీరు మందగించిన చోట పూడిక చేరినట్టే, ఆ ఉబ్బులో రక్తం సుడి తిరిగి గడ్డ కడుతుంది. గడ్డ అక్కడే దారి మూసేయవచ్చు, ముక్క తెగి ముందుకెళ్లి సన్నని కొమ్మలో ఇరుక్కోవచ్చు. ఎలా జరిగినా గుండెపోటే.

పెద్దల్లో దీనికి ముఖ్య కారణం నాళాల్లో కొవ్వు పేరుకోవడం. పిల్లల్లో మాత్రం రక్తనాళాల గోడలు వాచే కవసాకి జబ్బు. జపాన్ పిల్లల వైద్యుడు తోమిసాకు కవసాకి 1961లో మొదటి బిడ్డను చూసి, 1967లో యాభై మంది వివరాలు ప్రచురించారు. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. ఐదు రోజులైనా తగ్గని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదవులు, ఒంటిమీద దద్దుర్లు, వాచిన చేతులు, మెడలో గడ్డ. అన్నీ ఒకేసారి కనబడవు, అదే చిక్కు. ఎండాకాలపు వేడి అనో, అమ్మవారు అనో ఇంట్లోనే ఉంచేస్తారు. వైద్యం అందకపోతే నలుగురిలో ఒకరికి దాకా కరొనరీ నాళాలు ఉబ్బుతాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యూనోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కిస్తే ఆ ముప్పు నూటికి నలుగురైదుగురికి తగ్గుతుంది. గుండెకు ఎకో, అంటే అల్ట్రాసౌండ్ పరీక్ష, తీస్తే ఉబ్బు తెలుస్తుంది.

జ్వరం తగ్గాక ఆ ఆసుపత్రి కాగితాలు ఎవరు దాస్తారు చెప్పండి? ఇరవై ఏళ్లకు, ఐటీ ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఛాతీనొప్పి వస్తే ఇంట్లో సోడా తాగిస్తారు, గ్యాసేనంటారు. ఈ వయసులో గుండెపోటేమిటని అందరి ధీమా. చిన్నప్పుడు కవసాకి వచ్చిందని డాక్టరుకు చెబితే ఆలోచన మరో దారి పడుతుంది. అందుకే ఆ పాత డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్టు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. నొప్పి వచ్చినప్పుడు మాత్రం వాటికోసం వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంకో సంగతి. కవసాకి వచ్చిన పిల్లలకు డాక్టర్లు రక్తం గడ్డ కట్టకుండా తక్కువ మోతాదులో ఆస్పిరిన్ ఇస్తారు. అది వాడుతుండగా ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ సోకితే కాలేయానికి, మెదడుకు ప్రమాదం రావచ్చు. మీ అంతట మీరు మాత్ర మానేయకండి, అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఫ్లూ టీకా సంగతి కూడా అప్పుడే అడగండి.