కస్టడీ కేసులో పిల్లల మాట ఎలా వింటారు?

"అమ్మ కావాలా, నాన్న కావాలా?"

కస్టడీ కేసు అనగానే జడ్జి పిల్లల్ని బోనెక్కించి ఇదే అడుగుతారని చాలామంది అనుకుంటారు. సినిమాల పుణ్యం! నిజానికి పిల్లల్ని అడగకూడని ప్రశ్నే అది. పిల్లల మాట వినడం వేరు, తీర్పు భారం వాళ్ల నెత్తిన పెట్టడం వేరు.

[తెరపై: బాలల హక్కుల ఒడంబడిక, 1989. 12వ అధికరణం]

ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఏమంటుందంటే, కోర్టు కేసుల్లో పిల్లల అభిప్రాయం నేరుగా గానీ, ప్రతినిధి ద్వారా గానీ వినాలి. దానికి వయసునీ పరిణతినీ బట్టి విలువ ఇవ్వాలి. ఇన్నేళ్లు నిండితేనే అన్న షరతు అందులో లేదు.

పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల జడ్జే ఛాంబర్లో మాట్లాడతారు. కొన్నిచోట్ల కౌన్సిలర్ మాట్లాడి రిపోర్టు ఇస్తారు. కొన్ని దేశాల్లో బిడ్డకి విడిగా లాయర్‌ని పెడతారు.

[తెరపై: నేల మీద కూర్చుని బొమ్మ గీస్తున్న పాప, పక్కనే కౌన్సిలర్]

అనుభవమున్న కౌన్సిలర్ కేసు ఊసెత్తకుండా మొదలుపెడతారు. రాత్రి భయమేస్తే ఎవర్ని లేపుతావ్? శనివారం నాన్న దగ్గరికి వెళ్లేముందు ఎలా ఉంటుంది?

"వెళ్లడం ఇష్టమే. గేటు దగ్గర ఇద్దరూ అరుచుకుంటారు, అదే టెన్షన్."

చూశారా, ఎవరు కావాలో పాప చెప్పనే లేదు. అయినా కోర్టుకి పనికొచ్చే సంగతి దొరికింది. గేటు దగ్గర కాకుండా స్కూల్ దగ్గర అప్పగించమంటే ఆ గొడవ తప్పుతుంది.

మరి నూరిపోసిన మాటలైతే? తొమ్మిదేళ్ల పిల్లాడు "నాన్న ప్రవర్తన బాధ్యతారహితం" అన్నాడంటే అనుమానించాల్సిందే. అలాగని మొత్తం కొట్టిపారేయకూడదు. నిజంగా భయపడే పిల్లల నోట కూడా పెద్దల మాటలే రావచ్చు. అందుకే ఒక్కసారి మాట్లాడి తేల్చేయడం నాకైతే సరైన పద్ధతి అనిపించదు.

ఇంకోటి. "ఎవరికీ చెప్పను" అని బిడ్డకి మాటివ్వకూడదు. రిపోర్టు తల్లిదండ్రుల చేతికి వెళ్లే అవకాశం ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పాలి.

[తెరపై: ఉత్తరం]

బిడ్డ కోరుకున్నదే తీర్పు కావాలని లేదు. భద్రత, చదువు, ఆరోగ్యం కూడా చూస్తారు. కాకపోతే, అడిగింది ఎందుకు ఇవ్వలేదో చెప్పాలి కదా? 2017లో ఇంగ్లండ్ జడ్జి పీటర్ జాక్సన్ ఒక తీర్పునే 14 ఏళ్ల అబ్బాయికి ఉత్తరంలా రాశారు. తండ్రితో వేరే దేశం వెళ్లిపోతానని ఆ అబ్బాయి అడిగాడు. జడ్జి కుదరదన్నారు. ఎందుకు కుదరదో అతనికి అర్థమయ్యేలా, అతన్నే ఉద్దేశించి రాశారు.