జీతం లేదని బాధ్యత తగ్గదు

మిత్రులారా, విదేశాల్లో స్వచ్ఛంద వైద్యసేవకు బయల్దేరుతున్న మీరు ముందుగా చూసుకోవాల్సింది రిజిస్ట్రేషన్. ఇక్కడి లైసెన్సు ఆ దేశంలో దానంతటదే చెల్లదు. అక్కడి వైద్య మండలి నుంచో నర్సింగ్ మండలి నుంచో తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. డిగ్రీ, ప్రస్తుత రిజిస్ట్రేషన్, మీపై క్రమశిక్షణ చర్యలేవీ లేవని ఇక్కడి మండలి ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ సాధారణంగా అడుగుతారు. దీనికి నెలలు పట్టొచ్చు. తీసుకెళ్లే సంస్థ ‘అంతా మేం చూసుకున్నాం’ అంటే సరిపోదు, మీ పేరుతో వచ్చిన అనుమతి పత్రం చూపించమనండి. మీ వృత్తి బీమా ఆ దేశానికి, అక్కడ మీరు చేసే పనికి వర్తిస్తుందని రాతపూర్వకంగా తెప్పించుకోండి.

విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇక్కడ పర్యవేక్షణ లేకుండా మిమ్మల్ని చేయనివ్వని కుట్లు, ప్రసవాలు, పన్ను పీకడం అక్కడా చేయకూడదు. ‘ఎవరూ లేనిచోట మేమైనా ఉన్నాం కదా’ అనే వాదనను నేను ఒప్పుకోను. రక్తస్రావమో ఇన్ఫెక్షనో మీరు వెళ్లిపోయాక బయటపడుతుంది. అప్పుడు ఏం చేశారో తెలియని స్థానిక నర్సు దాన్ని ఎదుర్కోవాలి. పేదరికం చూసి రోగి హక్కును తగ్గించడం అన్యాయం.

వైద్యానికి రోగి అంగీకారం సంతకంతో పూర్తికాదు. రోగి బిడ్డను దుబాసీగా పెట్టుకోకండి. చెప్పింది రోగి చేతే తిరిగి చెప్పించండి. ఫొటో వద్దన్నా వైద్యం ఆగదని స్పష్టంగా చెప్పాకే ఫొటో అడగండి.

దానంగా తీసుకెళ్లే మందుల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు 1996 నుంచీ ఉన్నాయి. దేశంలోకి చేరేసరికి సాధారణంగా కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. లేబుల్ అక్కడి సిబ్బందికి తెలిసిన భాషలో, జెనరిక్ పేరుతో ఉండాలి. రోగులు వాపసు ఇచ్చినవీ, ఉచిత శాంపిళ్లూ పనికిరావు. మార్ఫిన్ లాంటివాటికి ముందే దిగుమతి అనుమతి కావాలి.

మీ ఆరోగ్యమూ మీ బాధ్యతే. సాయానికి వెళ్లినవారే రోగాన్ని మోసుకెళ్లొచ్చు. 2010లో కరీబియన్ దేశం హైతీలో కలరా ఐక్యరాజ్యసమితి శాంతిదళ శిబిరం మురుగు నుంచి నదిలోకి చేరి వేలమందిని బలితీసుకుంది. అందులో తన పాత్రను ఆ సంస్థ 2016లో గానీ ఒప్పుకోలేదు. టీకాలు, పరీక్షలు ముగించుకుని వెళ్లండి. సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అది ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోండి.

తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక పెద్ద ఆపరేషన్లు పెట్టుకోకండి. ప్రతి రోగి రికార్డు ఒక నకలు స్థానిక ఆసుపత్రికి, ఒకటి రోగికి ఇవ్వండి. తర్వాత చూసే వైద్యుడు ఒప్పుకున్నాకే ఆ పేరు రికార్డులో రాయండి.